గోత్రం తెలియని ఆవిడ

విగ్రహంలోంచి దేవుణ్ణి బయటికి రప్పించే పద్ధతి ఒకటుంది. గుడికి మరమ్మతులు వస్తే మూలవిరాట్టులోని శక్తిని మంత్రపూర్వకంగా కలశంలోకి తీసుకుంటారు. కళాకర్షణ అంటారు దాన్ని. పక్కనే బాలాలయం కట్టి, గుడి పని పూర్తయ్యేదాకా నిత్యపూజలన్నీ అక్కడే నడిపిస్తారు. యాదాద్రి కొత్త గుడి కట్టినప్పుడు 2016 నుంచి 2022 మార్చి దాకా జనం దర్శనం చేసుకున్నది బాలాలయంలోనే. విగ్రహానికి చెయ్యో ముక్కో విరిగితే అది పూజకు పనికిరాదు. కళ తీసేసి, నదిలోనో సముద్రంలోనో వదిలేసి, కొత్తది చేయించి మళ్ళీ ప్రతిష్ఠ చెయ్యాలి. ఇదంతా నాకు పుస్తకాల్లోంచి వచ్చిన జ్ఞానం కాదు. మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక పల్లెలో వైఖానస అర్చకులు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరి గట్టెక్కాను. గుడి మా తమ్ముడికి దక్కింది. దక్కింది అనడం కూడా పాత మాటే. 1987 దేవాదాయ చట్టంతో వంశపారంపర్య హక్కులు పోయాయి, 1996లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం సరైనదే అంది. వాడిప్పుడు జీతానికి అర్చన చేస్తున్నాడు. హక్కు పోయినా తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మాత్రం పోలేదు.

మా ఆగమశాస్త్రం ప్రకారం మ్యూజియం అసలు చిక్కు ప్రశ్నే కాకూడదు. అక్కడున్న వాటిలో ముక్కు విరిగినవి, చెయ్యి పోయినవి సగానికి పైనే. మిగతావి భూమిలోంచి తవ్వి తీసినవో, గుడి నుంచి వేరుపడినవో. ప్రతిష్ఠ లేదు, నిత్యార్చన లేదు, నైవేద్యం లేదు. కాబట్టి శిల, లోహం, అంతే. దణ్ణం పెట్టనక్కర్లేదు, చెప్పులు విప్పనక్కర్లేదు. ఇంత స్పష్టంగా తెలిసినవాణ్ణి ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మనవలతో ఓ పూట తిరిగేసరికి తికమకపడ్డాను. ఆ తికమక ఇంకా తీరలేదు. తీరాలని అంత ఆత్రమూ లేదు.

మా అబ్బాయి వాళ్లుండేది నోయిడాలో. చలికాలం సెలవులు. పొగమంచుకి పిల్లలు ఇంట్లోనే ఉండి కుర్చీలూ సోఫాలూ ఎక్కి తొక్కుతున్నారు. మా కోడలు ఓ పథకం వేసింది: పొద్దున నేషనల్ మ్యూజియం, మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనం, సాయంత్రం రాజ్‌ఘాట్, దాని ఎదురుగా గాంధీ మ్యూజియం. చిన్నోడికి కావలసింది రైల్ మ్యూజియం. అది ఇంకో రోజు అన్నారు. వాడు మండీ హౌస్‌లో మెట్రో మారేదాకా మూతి ముడుచుకుని, సెంట్రల్ సెక్రటేరియట్‌లో ఎస్కలేటర్ ఎక్కగానే మర్చిపోయాడు.

గేటు దాటగానే అద్దాల గదిలో పెద్ద చెక్క రథం ఉంటుంది. తమిళ దేశం నుంచి వచ్చింది. ఊళ్ళో రథోత్సవం నాడు చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఆపేవాళ్ళ పక్కన పెరిగినవాణ్ణి కదా, కదలని రథాన్ని చూస్తే కాళ్ళల్లో ఏదోలా ఉంటుంది. ఈ మ్యూజియం పుట్టుక కూడా ఒక ప్రయాణంలోంచే. 1947–48 చలికాలంలో లండన్‌లో భారతీయ కళల ప్రదర్శన పెట్టారు. దేశం నలుమూలల నుంచి శిల్పాలు ఓడెక్కి వెళ్లాయి. తిరిగొచ్చాక ఎక్కడివక్కడికి పంపేసే ముందు ఢిల్లీలో అందరికీ చూపించి, తర్వాత అక్కడే ఉంచేసుకున్నారు. 1949 ఆగస్టు 15న ఇప్పటి రాష్ట్రపతి భవన్‌లో మ్యూజియం మొదలైంది. జన్‌పథ్ మీది ఈ గుండ్రటి భవనాన్ని 1960 డిసెంబరు 18న ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. వేదాంతం చెప్పిన మనిషి దేవుళ్లను అద్దాల పెట్టెల్లో పెట్టే ఇంటికి తలుపు తీశాడన్నమాట. ఇప్పుడు మళ్ళీ ఇక్కడి నుంచి నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లకు మారుస్తామంటున్నారు. ఈ దేవుళ్లకు ఇంకో ప్రయాణం రాసిపెట్టి ఉంది.

ముందు వచ్చేది హరప్పా గ్యాలరీ. మొహెంజోదారో నాట్యకత్తెను చూసి పెద్దది నిరుత్సాహపడింది. పాఠ్యపుస్తకంలో సగం పేజీ ఆక్రమించిన బొమ్మ ఇక్కడ పదిన్నర సెంటీమీటర్లే. “ఇంతేనా?” అంది. ఆ పక్కన రాఖీగఢీ నుంచి తెచ్చిన ఆడమనిషి అస్థిపంజరం పడుకుని ఉంది. “ఇది నిజం మనిషేనా తాతయ్యా?” అని చిన్నోడు అడిగాడు. అవునన్నాను. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో వాళ్ళమ్మ తరపు తాతగారు ఈజిప్టు మమ్మీని చూపించారట, దానికి గుడ్డలున్నాయి, దీనికెందుకు లేవని వాడి సందేహం. వెనక ఎవరో సెల్ఫీ కోసం జరగమన్నారు. జరిగాం. నిజం చెప్పాలంటే పిల్లల్ని అక్కణ్ణుంచి తొందరగా కదిలిద్దామనే నా ఆలోచన. చావు విషయం వివరించడానికి నాకంత సరదా ఉండదు, అదీ టిఫిను తిన్న గంటకే.

కంచు విగ్రహాల గదిలో అసలు కథ మొదలైంది. చోళుల నటరాజు, కాళీయుడి పడగల మీద కృష్ణుడు, విష్ణుమూర్తులు. ఒక్క వెలుతురు మీద నుంచి పడుతుంది, మిగతా గది మసక. గర్భగుడిలో దీపం వెలుగు ఎలా పడాలో తెలిసినవాడెవడో ఆ లైట్లు అమర్చి ఉండాలి. మా ఆవిడ విష్ణుమూర్తి ముందు ఆగి, చెప్పులు పక్కకు విడిచి, చేతులు జోడించింది. గార్డు దగ్గరకొచ్చాడు. ఏమంటాడో అనుకున్నాను. “మాతాజీ, నేల చల్లగా ఉంది, చెప్పులేసుకోండి” అన్నాడు హిందీలో. ఆయనకు ఇది రోజూ చూసే దృశ్యమే కాబోలు.

“ప్రాణప్రతిష్ఠ లేని విగ్రహం అది” అన్నాను నెమ్మదిగా.

“ఉన్నాడో లేడో మీ ఆగమం చూసుకుంటుంది. నాకైతే కనపడ్డాడు” అంది.

నలభై ఏళ్ల పైచిలుకు కాపురంలో ఈ మాదిరి జవాబులకు ఎదురు చెప్పకూడదని నేర్చుకున్నాను. అయితే ప్రశ్న ఆవిడ దగ్గర ఆగలేదు. పెద్దది అందుకుంది. మా ఊరు వచ్చినప్పుడల్లా తమ్ముడి వెనక గుడికెళ్లి పులిహోర తినే పిల్ల అది. “ఇక్కడ దేవుడికి ప్రసాదం ఎవరు పెడతారు?”

“ఎవరూ పెట్టరు.”

“ఆకలెయ్యదా?”

దేవుడికి ఆకలి ఉండదమ్మా, పెట్టేవాడికి పెట్టాలని ఉంటుంది, అందుకే పెడతాం అన్నాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పూర్వమీమాంస వాళ్లు ఇంకా దూరం వెళ్లారు. దేవతకు శరీరమే లేదు, తినదు, సంతోషించదు, ఫలమివ్వదు, యజ్ఞంలో ఎవరి పేరిట ఇస్తున్నామో ఆ పేరే దేవత అన్నారు. గుళ్లో పుట్టిన నాకు ఆ మాట ఎప్పుడూ గొంతులో ముల్లే. వాళ్లను ఖండించడానికి వేదాంతులు చాలా శ్రమపడ్డారు. కానీ ఒకందుకు మీమాంసకులంటే నాకు గౌరవం. దేవుడు ఎలాంటివాడు అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, నీ వంతు పనేమిటి అన్నదాన్ని ముందుకు తెచ్చారు.

పిల్ల ఇంకో అడుగు వేసింది: “అయితే ఇక్కడ పెట్టాలని ఉన్నవాళ్లు ఎవరూ లేరా?”

ఈ ప్రశ్నకు దేశం ఇప్పటికే రెండు రకాల జవాబులిచ్చింది. కాశీలో వందేళ్ల క్రితం మాయమైన అన్నపూర్ణ విగ్రహం ఒకటి కెనడాలో ఒక యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీలో తేలింది. చేతిలో గరిటె, పాయసం గిన్నె. లోకానికి అన్నం పెట్టే తల్లి వందేళ్లు పస్తులుంది. 2021 నవంబరులో ఆవిణ్ణి కాశీ విశ్వనాథుడి గుళ్లో మళ్ళీ ప్రతిష్ఠించారు, నైవేద్యం మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని లోఖరీ అనే పల్లె నుంచి దొంగలెత్తుకెళ్లిన వృషానన యోగిని కూడా ప్యారిస్ నుంచి తిరిగొచ్చింది, 2013లో. ఆవిడ మాత్రం ఈ మ్యూజియంలోనే ఉండిపోయింది. ఒకావిడకు ఇల్లుంది, మనుషులున్నారు, మఠమూ ప్రభుత్వమూ ఉన్నాయి. యోగినుల ఉపాసన చేసేవాళ్లు లోఖరీ కొండ మీద ఎప్పుడో కనుమరుగయ్యారు. దొంగతనం ఇద్దరిదీ ఒకటే. తేడా అంతా ఎదురుచూసేవాళ్లు ఉండటం, లేకపోవడం.

పత్తూరు నటరాజు కేసు ఇంకా విచిత్రం. 1976లో తమిళనాట ఒక కూలీ పలుగుకు తగిలిన విగ్రహం చేతులు మారి లండన్ చేరింది. అక్కడ కోర్టులో గుడి తరపున దావా వేశారు. ఎప్పుడో పాడుపడి, పూజలు లేక, రాళ్లకుప్పగా మిగిలిన గుడి అది. పాడుపడ్డ గుడికి హక్కులుంటాయా అని అవతలివాళ్ల వాదన. ఉంటాయి అని 1988లో హైకోర్టు, 1991లో అప్పీలు కోర్టు తేల్చాయి. ఆ తీర్పులు వచ్చిన కొత్తలో మా నాన్నగారు పేపర్లో చదివి, “ఇంగ్లీషువాడికి తెలిసింది మన ఎండోమెంట్స్ ఇన్‌స్పెక్టరుకి తెలీదు” అని నవ్వారు. ఆయన బాధ వేరే, అది ఇక్కడ వద్దు.

చరిత్ర చెప్పే గదులు దాటి బుద్ధుడి గ్యాలరీకి వచ్చాం. నాగార్జునకొండ పలకలు అక్కడ కనపడగానే నాకు మన ఊరి మనిషి ఎదురైనట్టయింది. కోడలికి పలనాటి సున్నపురాయి రంగు చూపించాను. తర్వాత గదిలో బంగారు పూత పూసిన చెక్క మంటపం. థాయిలాండ్ వాళ్లు చేసి ఇచ్చింది. దాని లోపల కపిలవస్తు అస్థికలు. మంటపం ముందు నేల మీద తెల్లబట్టలు కట్టుకున్న థాయ్ ఆడవాళ్లు, ముసలివాళ్లే ఎక్కువ, మోకాళ్ల మీద కూర్చుని ఏదో వల్లిస్తున్నారు. చెప్పులు వరసగా గోడవార పెట్టి ఉన్నాయి. విప్పమని ఎవరూ బోర్డు పెట్టలేదు. మా పిల్లలు చెప్పకుండానే గొంతు తగ్గించారు. అదే కప్పు కింద, అదే టిక్కెట్టు మీద, ఒక హాలు గుడి అయిపోయి ఉంది.

మా ఆవిడ కూడా ముందు దణ్ణం పెట్టింది. లోపలున్నది ఏమిటో కోడలు చదివి చెప్పాక రెండడుగులు వెనక్కి వేసింది. “ఎముకలా? ముందే చెప్పొద్దూ” అని నా మీద విసుక్కుంది. ఇంటికెళ్లి తలస్నానం చెయ్యాలంది.

ఆవిడ తప్పేమీ లేదు. మా ఇళ్లలో అస్థికల కుండను గడప దాటనివ్వరు, ఊరి బయట చెట్టుకు కట్టి నదికి తీసుకెళ్తారు. దేవుడు ఒక పక్క, చావు ఇంకో పక్క. రెండింటికీ మధ్య మైల అనే గోడ. ఇంట్లో చావు మైల ఉన్నన్నాళ్లూ అర్చకుడు గర్భగుడి ముఖం చూడకూడదు. మరి ఇక్కడ ఎముకే గర్భగుడిలో ఉంది.

అయితే ఇది ఎక్కడో పరాయి దేశపు ఆచారం కాదు. బుద్ధుడు పోయాక ఆయన అస్థికల కోసం రాజులు యుద్ధానికి సిద్ధమైతే, ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది వాటాలు వేసి సర్దిచెప్పాడని కథ. ఒక వాటా శాక్యులకు దక్కింది. పిప్రహవా స్తూపంలో 1898లో దొరికిన భరిణెలు ఆ వాటావేనని నమ్మకం. అప్పుడు దొరికిన అస్థికలు సయాం రాజుకి వెళ్లాయి. 1970లలో మళ్ళీ తవ్వితే, ఇంకా లోతున, ఇంకా పాత రాతి భరిణెలు బయటపడ్డాయి. ఈ మంటపంలో ఉన్నవి అవి. నేను పుట్టి పెరిగిన చోటికి కూతవేటు దూరంలోనే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి దిబ్బ తవ్వితే స్ఫటికపు భరిణె దొరికింది, రాతి పెట్టెల మీది రాతల్లో దాతల పేర్లు దొరికాయి. ఆ పేర్లు మా ఊళ్ల చుట్టుపక్కల బతికిన మామూలు మనుషులవి. నాగార్జునకొండలో మహాచైత్యం కట్టించింది ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిసిరి. అందులో దొరికిన ధాతువు ఇప్పుడు సారనాథ్‌లో ఉంది. అంటే కృష్ణ ఒడ్డున వందల ఏళ్ల పాటు జనం ఎముకకు ప్రదక్షిణ చేశారు. మైల అనుకోలేదు. వాళ్ల రక్తం మాలో లేదని నేను ఏ ధైర్యంతో చెప్పగలను?

2022లో ఈ అస్థికలు కొన్ని మంగోలియా వెళ్లాయి, 2024లో థాయిలాండ్ వెళ్లాయి. రాజ్య అతిథికిచ్చే మర్యాదలతో వైమానిక దళం విమానంలో తీసుకెళ్తే అక్కడ లక్షల మంది వరసకట్టారు. 2025 మేలో పిప్రహవా రత్నాలను హాంకాంగ్‌లో వేలానికి పెడితే బౌద్ధులంతా గోల చేశారు. వేలం ఆగింది, జులైలో అవి దేశానికి తిరిగొచ్చాయి. అస్థికలతో పాటు పాతిపెట్టిన రాళ్లు కూడా ఆస్తి కావు, శరీరంలో భాగమే అన్నది వాళ్ల వాదం. ఆ వాదం నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆంధ్రా భవన్‌లో భోంచేస్తుంటే గాని తెలియలేదు.

అక్కడ క్యూలో టోకెన్లు, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, పూరీలు పంచే కుర్రాడి పరుగు గురించి ఢిల్లీ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. చిన్నోడు మూడు అప్పడాలు తిన్నాడు. మా కోడలు, విజయనగరం పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం, పూజలూ పునస్కారాలూ పెద్దగా లేవు, పెరుగు కలుపుకుంటూ అంది: “మావయ్యగారూ, ఒక ఎముక దగ్గరేమో మోకాళ్ల మీద కూర్చుంటున్నారు. ఇంకో ఎముక దగ్గర సెల్ఫీలు. రెండూ మనుషులవే కదా?”

“ఆయన బుద్ధుడమ్మా” అన్నాను.

“ఆవిడెవరో మనకు తెలీదు. అంతే కదా తేడా?”

నేను మజ్జిగ తాగుతూ ఊరుకున్నాను. అది ఒప్పుకోవడం కిందకు రాదు గానీ, ఎదురు చెప్పడమూ కాదు.

రాఖీగఢీ హర్యానాలో ఉంది. నోయిడా నుంచి కారెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు. దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి ఊరు. ఆ కాలంవాళ్లు చనిపోయినవాళ్ల తల ఉత్తరానికి పెట్టి, పక్కన కుండలు పేర్చేవారు. మనవాళ్లు దక్షిణానికి పెడతారు. ఎటు తిప్పినా తిప్పే చేతులు ఒకటే: ఎవరో ఆ మనిషిని పడుకోబెట్టారు, తలకింద మట్టి సరిచేశారు, దారిలో ఆకలేస్తుందని కుండలో ఏదో పోశారు. పెట్టాలని ఉన్నవాళ్లు ఎవరూ లేరా అని పొద్దున నా మనవరాలు అడిగినదానికి ఇంతకన్నా పాత జవాబు ఆ భవనంలో లేదు.

అదే ఊళ్ళో తర్వాత జరిగిన తవ్వకాల్లో దొరికిన ఇంకో ఆడమనిషి ఎముకల నుంచి డీఎన్‌ఏ తీశారు. 61 నమూనాలు పరీక్షిస్తే ఒక్కటంటే ఒక్కటే పనికొచ్చింది. చెవి దగ్గరి గట్టి ఎముక. 2019 సెప్టెంబరులో ఫలితాలు వచ్చాయి. అప్పుడు టీవీల్లో జరిగిన గొడవ గుర్తుందా? ఆర్యులు బయటినుంచి వచ్చారా రాలేదా, ఆవిడ ఉత్తరాది వాళ్ల ముత్తవ్వా దక్షిణాది వాళ్ల ముత్తవ్వా అని గొంతులు చించుకున్నారు. ఆ పరిశోధన చెప్పినదాంట్లో తగాదా లేని మాట ఒకటుంది. అలాంటి వంశమూలమే ఇవాళ్టి దక్షిణాసియా జనంలో అన్నిటికన్నా పెద్ద పాలు. అంటే నాకూ, మా కోడలికీ, ఆ గార్డుకీ ఆవిడా, అదే ఊరిదైన మ్యూజియంలో ఆవిడా ఎంతో కొంత చుట్టాలే.

నన్ను కలవరపెట్టింది ఇదే. ఆవిడ మా పూర్వీకురాలని కోట్లమంది దేశం ఎదుట దావా వేశారు. వంశం నాది అనేవాళ్లు కావలసినంత మంది దొరికారు. వంశం మీద హక్కు చెప్పుకున్నవాడికి మన ధర్మంలో ముందు వచ్చేది వాదన కాదు, నువ్వులూ నీళ్లూ. ఆస్తి తీసుకున్నవాడే పిండం పెట్టాలని ఊళ్ళో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. ఆవిడ పేరు మీద దోసెడు నీళ్లు వదిలినవాడు ఒక్కడుంటే నాకు చూపించండి.

మ్యూజియం వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఆ ఎముకలు ఇంకా ఉన్నాయంటే తవ్వినవాళ్లు, మోసినవాళ్లు, గాలీ తేమా కొలిచి కాపాడుతున్నవాళ్లు ఉండబట్టే. కొందరు దీన్నే కైంకర్యం అంటారు. నేనంత దూరం రాలేను. కైంకర్యం ఒకరికి చేసేది. ఎవరికి అన్న ప్రశ్నకు జవాబుండాలి. కాపాడటం దేనినైనా కాపాడవచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో నాగా జాతి వాళ్ల పుర్రెలు దశాబ్దాల తరబడి భద్రంగానే ఉన్నాయి. 2020లో వాటిని ప్రదర్శన నుంచి తీసేశారు. నాగాలు అడుగుతున్నది భద్రత కాదు. మా తాతలు, మాకిచ్చెయ్యండి, మేం చెయ్యవలసింది చేసుకుంటాం అంటున్నారు. వాళ్లకు అడిగే మనవలున్నారు. రాఖీగఢీ ఆవిడకు వాదించే మనవలున్నారు గాని అడిగేవాళ్లు లేరు.

సాయంత్రం రాజ్‌ఘాట్ వెళ్లాం. సమాధి దగ్గర చెప్పులు విప్పాలి, నియమం. చలికి పాదాలు కొయ్యబారిపోయాయి. ఆ నల్లరాతి కింద గాంధీగారు లేరు. అది దహనం జరిగిన చోటు. అస్థికలు నదుల్లో కలిపేశారు. రోడ్డు దాటితే మ్యూజియం. అక్కడ 1948 జనవరి 30న ఆయన కట్టుకున్న పంచె ఉంది, దాని మీద నెత్తుటి మరక ఉంది, ఒక తూటా ఉంది. ఏమీ లేని చోట చెప్పులు విప్పాం, నెత్తురున్న చోట బూట్లతో నడిచాం. ఎవరూ తప్పుచేయలేదు. గుడి ఎక్కడ అన్నది వస్తువును చూసి తేలే విషయం కాదని మాత్రం నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. ఆగమం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది, నేను సరిగా వినలేదేమో. శిలలో దేవుడు ఉండటానికి మంత్రం కావాలి, నిజమే. ఆ తర్వాత రోజూ ఆరు పూటలా ఎవరో ఒకరు రావాలని కూడా అక్కడే ఉంది. అర్చన ఆగిపోతే సాన్నిధ్యం తగ్గుతుందనీ, మళ్ళీ సంప్రోక్షణ చెయ్యాలనీ ఉంది. వచ్చే మనిషి లేకపోతే దేవుడైనా వెళ్ళిపోతాడని ఒప్పుకున్న శాస్త్రం అది. అటువంటప్పుడు థాయ్ అవ్వలు మోకాళ్ల మీద కూర్చున్న చోట సాన్నిధ్యం లేదని వైఖానసుడు ఎలా అంటాడు? మా ఆవిడ చెప్పులు విడిచిన ఆ రెండు నిమిషాలు కంచు విష్ణుమూర్తి దగ్గర ఏమీ లేదని నేను మాత్రం ఎలా అంటాను?

దేవుళ్ల సంగతి వాళ్లే చూసుకోగలరు. లండన్ కోర్టుకెళ్లి గెలిచినవాళ్లు. నాకు మిగిలింది ఆ రాఖీగఢీ మనిషి.

అమావాస్య తర్పణం చేసేవాళ్లకు తెలుసు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నానమ్మ, ఆవిడ అత్తగారు, ఇలా మూడేసి తరాలు పేరూ గోత్రం చెప్పి వదులుతాం. మూడు తరాలు దాటినవాళ్ల పేర్లు ఎవరూ అడగరు. ఇరవై అయిదేళ్లకు ఒక తరం అనుకుంటే రాఖీగఢీకి నూట ఎనభై తరాలు. మంత్రం అక్కడితో ఆగదు. చివర్లో బట్ట పిండి ఆ నీళ్లు వదులుతాం, వంశంలో సంతానం లేకుండా పోయినవాళ్లకని. అంతకు ముందు ఇంకొకటుంది: తల్లీ తండ్రీ చుట్టాలూ ఎవరూ లేనివాళ్లందరికీ. నా చిన్నతనంలో నాన్నగారు ఆ భాగం దగ్గర ఎప్పుడూ తొందరపడేవారు కాదు. అప్పటికి గుళ్లో గంట కొట్టే వేళ అవుతున్నా సరే.

గోత్రం తెలియనివాళ్లకు ఏం చెప్పాలన్నదానికీ శాస్త్రంలో దారి ఉంది. కాశ్యప గోత్రం అని చెప్పుకుంటాం, అందరూ కశ్యపుడి సంతానమే కాబట్టి. పేరు లేదు. ఆవిడ భాష ఏమిటో కూడా తెలీదు, ఆ లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు. ఆవిడ మన సంస్కృతం వింటే మొహం తిప్పుకునేదేమో. నీళ్లకు భాష అక్కర్లేదని సరిపెట్టుకున్నాను. ఈ సరిపెట్టుకోవడంలో దబాయింపు ఉందని నాకూ తెలుసు. చచ్చిపోయినవాళ్లను వాళ్ల అనుమతి లేకుండా మన మతంలో కలుపుకోవడం మర్యాద కాదు. కోడలు ఇదే అంది, రాత్రి నోయిడాలో పిల్లలు పడుకున్నాక. కానీ అనుమతి లేకుండా అద్దం కింద పడుకోబెట్టి చూడటం కన్నా, అనుమతి లేకుండా నీళ్లివ్వడం చిన్న తప్పు అని నా వాదన. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. రెండూ మీ తృప్తి కోసమే కదా అంది. పొద్దున మనవరాలికి నేనిచ్చిన జవాబు అదే. పెట్టేవాడికి పెట్టాలని ఉంటుంది అన్నాను కదా.

మర్నాడు తమ్ముడికి ఫోన్ చేశాను. గుడి మూసి భోజనానికి కూర్చునే వేళ. సంగతంతా చెప్పి, ఇలా చెయ్యొచ్చా అని అడిగాను.

“అన్నయ్యా, మ్యూజియానికెళ్లి టిక్కెట్టు కొన్న ప్రతివాడూ తర్పణాలు మొదలెడితే యమునలో నీళ్లు చాలవు” అన్నాడు. “అయినా నువ్వు అమావాస్యకే సరిగా చెయ్యవు, వదిన చెప్పింది.”

“శాస్త్రం ఒప్పుకుంటుందా లేదా చెప్పు.”

కాసేపు ఆలోచించాడు. చారు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎవరూ లేనివాళ్ల వాటా ఉండనే ఉంది కదా, అందులో అందరూ వస్తారు, ఆవిణ్ణి విడిగా పిలవాల్సిన పనేముంది అన్నాడు. అదీ నిజమే. కానీ నాకు విడిగానే పిలవాలని ఉంది.

“అయితే పిలువు” అన్నాడు. “నల్ల నువ్వులే వాడు. అక్కడ దుకాణంలో తెల్లవి అంటగడతారు.”